ధైద్ మడిలో శ్రమదినాలు

సత్యకుమారిది రాజోలు దగ్గర ఒక ఊరు. అక్కడ అందరూ ఆమెను దుబాయ్ సత్యమ్మ అంటారు. నిజానికి దుబాయ్‌లో ఆమె ఉన్నది విమానం దిగిన పూట మాత్రమే. అక్కణ్ణించి కారెక్కించి షార్జా దాటించి, ఇసక దిబ్బలు దాటించి, ధైద్ అనే ఊళ్ళో ఖర్జూరం తోట మధ్యనున్న పాత ఇంటి ముందు దింపారు. అప్పట్నించీ ఆ ఇంటి వంటమనిషి ఆమే.

ఆ ఇంటి యజమానురాలు అయేషా అనే ముసలావిడ. పనివాళ్ళందరికీ ఆవిడ మామా. కొడుకులూ కోడళ్ళూ షార్జాలో పెద్ద ఇళ్ళల్లో ఉంటారు. ఆవిడకి మాత్రం తోట వదిలితే ఊపిరాడదు. సత్యా అనడం నోరు తిరగక సాతీ అంటుంది. ఇద్దరికీ సరైన భాష లేదు. సగం అరబ్బీ, సగం హిందీ, మిగిలింది చేతులు. అయినా పొద్దున్నే మొదలుపెడితే పడుకునేదాకా ఇద్దరి నోళ్ళూ ఆగవు.

మామా దగ్గర ఒక పద్ధతి ఉంది. తోటలో ఒక ఎండాకాలం నిలబడి, పారిపోకుండా పని చేసినవాళ్ళకి ఖర్జూరం వరసల మధ్య ఒక మడి ఇస్తుంది. అందులో ఏం వేసుకున్నా ఎవరూ అడగరు, కాసింది వాళ్ళదే. డ్రైవర్ అమానుల్లా ముల్లంగి, పుదీనా వేస్తాడు. తోటపని చేసే రాజలింగం పుంటికూర, టమాట, మిరప వేస్తాడు. అతనిది జగిత్యాల దగ్గర పల్లె. మడి దొరికిన మొదటి ఏడు మిరుగం కార్తె చూసుకుని, ఊరి అలవాటు ప్రకారం జూన్‌లో గింజలు చల్లాడు. మొలకొచ్చిన నాడే మాడిపోయింది. ఆ సంగతి ఇప్పటికీ ఎత్తితే అమానుల్లా పొట్ట పట్టుకుని నవ్వుతాడు. ఆ దేశంలో కాలం తిరగబడి ఉంటుంది. దసరా దాటాక విత్తనం పడాలి, చలిలో పెరగాలి, ఎండలు ముదిరేలోపు తినెయ్యాలి.

సత్యకుమారి మడి మిగతా రెండిటికన్నా చిన్నది, కానీ చూస్తే కళ్ళు తిప్పుకోలేం. మేకల ఎరువు తనే తట్టలో మోసింది. ఇసకని జల్లించి రాళ్ళేరింది. జనవరిలో పొద్దున్నే మంచు పడి ఖర్జూరం మట్టలు తడిసి ఉన్నప్పుడు, చీర మీద స్వెట్టర్ వేసుకుని వెళ్ళి తోటకూర కోసుకొచ్చేది. ఆ లేత కాడలు పప్పులో వేసుకుని, వేడన్నంలో కలుపుకుని, వంటింటి గుమ్మంలో కూర్చుని తినేది. ఫిబ్రవరికి చిక్కుడు పందిరెక్కింది. వంకాయలు తెల్లగా, చిన్నగా, కొయ్యబోతే చేతికి ముళ్ళు గుచ్చుకునేంత తాజాగా వచ్చాయి. తిండి దగ్గర మొహమాటం తెలియని మనిషామె. గుత్తివంకాయ కూరతో రెండోసారి అన్నం పెట్టుకునేటప్పుడు చుట్టూ ఎవరున్నారో చూసుకోదు. ఎందుకు చూసుకోవాలి? పండించింది తనే, వండింది తనే.

ఇంకొక విషయం చెప్పుకోవాలి. ఆమె మాట ఇస్తే అయిపోయినట్టే. కరోనా వచ్చిన ఏడాది రోడ్లు మూసేశారు, కొడుకులు షార్జాలో చిక్కుకుపోయారు. మామా ఒక్కత్తే గదిలో కూర్చుని ఏడుస్తుంటే, "వాళ్ళొచ్చేదాకా నిన్ను వదల్ను మామా" అంది సత్యకుమారి. తర్వాత ఇండియాకి విమానం వేశారు. సీటు కూడా దొరికింది. వెళ్ళలేదు. "మాటన్నాను కదా" అంది, అంతే. ఆ మాట మామా మర్చిపోలేదు.

ఇదంతా ఎందుకంటే, 2025లో ఈ మాట పట్టింపే ఆమె పీకల మీదికి వచ్చింది.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం షార్జాలో ప్రార్థనకి వెళ్ళింది. గోదావరి జిల్లాల ఆడవాళ్ళు చాలామంది వస్తారక్కడికి, అందరూ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళే. ప్రార్థన నడిపేది ప్రభుదాస్ గారు. ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసం, శ్రమదినాలు, దగ్గరికొచ్చాయి. ప్రార్థనయ్యాక టీ తాగుతున్నారు. పాపాయమ్మ పక్కకొచ్చి కూర్చుంది. పాపాయమ్మది పక్క ఊరే, మరదలి వరస. షార్జాలో ఒకరింట్లో పని. నోరు మహా వాడి.

"ఏం వదినా, ఈ ఏడు కూడా శ్రమదినాలు కిందటేడు లాగే చేత్తావా?"

"కిందటేడు ఏం చేసేనే?"

"మాంసం మానేసేవు. దాని బదులు అరబ్బులింట్లో జున్నూ, కునాఫా మిఠాయీ, బాదంపాలూ లాగించేవు. ఈస్టర్ నాటికి నీ జాకెట్లన్నీ బిగుసుకుపోయినాయి. శ్రమ నీకా, జాకెట్లకా?"

అక్కడున్న ఆడాళ్ళంతా పకపకా నవ్వారు. ప్రభుదాస్ గారు కూడా దగ్గుతున్నట్టు నటించి మొహం పక్కకి తిప్పుకున్నారు. సత్యకుమారి చేతిలో టీ గ్లాసు కింద పెట్టింది.

"ఇదిగో పాపాయమ్మా, ఇను. అందరూ ఇనండి. ఈ ఏడు ఈస్టర్ దాకా నా మడిలో మొలిసిందే నా కూర. అన్నం, ఉప్పు, నూనె, అంతే. ఇంకేదన్నా నా నోట్లోకెళ్తే నా పేరు సత్యకుమారి కాదు."

"చింతపండు?"

"నా మడిలో చింతసెట్టు లేదు. మానేత్తాను."

"పచ్చిమిరగాయ?"

సత్యకుమారి మిరప మొక్కలకి ముడత తగిలి ఆకులు చుట్టుకుపోయాయి. ఒక్క కాయ లేదు.

"మిరగాయ లేదు," అంది చివరికి.

"గోదారి మనిషివి, మిరగాయ లేకుండా నలభై దినాలా!" పాపాయమ్మ బుగ్గన వేలేసుకుంది. "సూద్దారి లెండి."

ప్రభుదాస్ గారు "దేవునికి స్తోత్రం" అన్నారు. దాంతో అది గట్టిపడిపోయింది.

ఇంటికొస్తూ కారులో సత్యకుమారి మనసులో లెక్క చూసుకుంది. చిక్కుడు ఉంది, వంగ ఉంది, తోటకూర మళ్ళీ చల్లింది, సొర పూత మీదుంది, గోంగూర చివర్లో అందుకుంటుంది. పరవాలేదు, గట్టెక్కుతాం అనుకుంది. అన్నీ ఆలోచించింది కానీ ఒక్కటి మర్చిపోయింది. ఆమె ఆ ఇంట్లో వంటమనిషి. వచ్చేది రంజాన్ నెల.

రంజాన్‌లో ఆ ఇంట్లో పొద్దున్నించి సాయంత్రం దాకా మామా ఉపవాసం, అమానుల్లా ఉపవాసం, వచ్చే కోడళ్ళూ మనవరాళ్ళూ ఉపవాసం. కుండల కొద్దీ వంట ఉడుకుతూ ఉంటుంది. ఉప్పు చూడ్డానికి ఖాళీగా ఉన్న నోరు ఆ వంటింట్లో ఒక్కటే. ఇన్నేళ్ళూ ఆ పని సత్యకుమారిదే. హరీస్ అని గోధుమలూ మాంసమూ కలిపి గంటల తరబడి ఉడకబెట్టి మెత్తగా కుమ్ముతారు. అందులో ఉప్పు ఒక్క పిసరు అటూ ఇటూ అయినా రోజంతా నీళ్ళు ముట్టని మనిషికి తెలిసిపోతుంది. మామాకి అది ప్రాణం.

రంజాన్ మొదలైన నాలుగైదు రోజులకి శ్రమదినాలు మొదలయ్యాయి. ఆ సాయంత్రం ఎప్పటిలాగే సత్యకుమారి గరిటె ముంచి, హరీస్ ఎత్తి, ఉఫ్ ఉఫ్ అని ఊది, నోటి దాకా తెచ్చింది. అక్కడ గుర్తొచ్చింది. గరిటె అలా గాల్లోనే ఉండిపోయింది. కిటికీలోంచి చూస్తున్న రాజలింగం "ఏమైందక్కా, పురుగు గిట్ల పడ్డదా?" అన్నాడు.

"పురుగు కాదురా. నా మాట పడింది."

గరిటె మళ్ళీ కుండలో పెట్టేసింది. అందాజుగా ఉప్పేసింది. మామా మగ్రిబ్ అజాన్ అవగానే ఖర్జూరం తిని, నీళ్ళు తాగి, ఆశగా హరీస్ నోట్లో పెట్టుకుంది. నమల్డం ఆపింది.

"సాతీ. మిల్హ్ మాఫీ."

ఉప్పు లేదని. తర్వాత "లేష్?" అంది, ఎందుకని. సత్యకుమారి తల దించుకుని "మర్చిపోయాను మామా" అంది. అబద్ధం చెప్పాల్సొచ్చినందుకు ఉప్పు తగ్గినందుకన్నా ఎక్కువ బాధపడింది.

మర్నాడు రాజలింగాన్ని పిలిచింది. "నువ్వు రుచి సూడు తమ్ముడూ."

రాజలింగం చెయ్యి కడుక్కుని పెద్దమనిషిలా వచ్చి నోట్లో వేసుకున్నాడు. "మంచిగున్నది గని అక్కా, ఉప్పు సాలది." వేసింది. "జెర్రంత పడాలె." మళ్ళీ వేసింది. "ఇగ ఇప్పుడు మస్తుగైంది." ఎండలో పొద్దంతా చెమటోడ్చి, ఎల్లిపాయ కారం నాకి బతికే మనిషి నాలుక అది. ఆ సాయంత్రం మామా ఒక్క ముద్ద తిని వరసగా నీళ్ళు తాగింది.

"సాతీ! హాదా హరీస్? హాదా బహర్!"

హరీస్ కాదు, సముద్రం అని. పక్కనున్న కోడలు కిసుక్కున నవ్వింది. మామా నవ్వలేదు. ఉపవాసం విప్పే వేళ వంట పాడయితే ఆవిడకి ఎంత నొప్పో సత్యకుమారికి తెలుసు. గిన్నెలు కడుగుతూ కళ్ళు తుడుచుకుంది.

పాపాయమ్మకి ఫోన్ చేస్తే అటునించి నవ్వు ఆగలేదు. "ఒదినా, నాలిక మీద ఏసుకుని ఉమ్మెయ్యి. మా ఇంటి మేడమ్ అలాగే సేత్తాది, రోజాలో ఉండి కూడా. తప్పు లేదంట వాళ్ళకి."

"ఆవిడ ఉమ్మితే ఆవిడిష్టం. నేను అన్నం ఉమ్మనే, ఎప్పుడూ ఉమ్మలేదు."

"అయితే మింగు. ఒక్క గరిటెడు మింగితే ఎవరు సూత్తారు ధైద్‌లో?"

"నేనున్నాను కదే సూడ్డానికి."

ప్రభుదాస్ గారిని అడిగింది. ఆయన పాపం మంచివాడు. "రుచి చూడ్డం తినడం కాదమ్మా, అది నీ ఉద్యోగం. దేవుడు లెక్క పెట్టడు," అన్నారు. సత్యకుమారి ఆ రాత్రంతా దాని గురించి ఆలోచించింది. దేవుడు లెక్క పెట్టడు, నిజమే. దేవుడికి పెద్ద మనసు. తనకి అంత లేదు. మడిలో మొలిసిందే అంది నోరారా. ఇప్పుడు సందు వెతుక్కోవడం ఆమెకి నచ్చలేదు.

అలాగని మామా ఉపవాసం పాడు చెయ్యడమూ నచ్చలేదు. ఇది ఆమెకి ఎటూ కాని ఇరకాటం అయిపోయింది.

మర్నాడు ఎండ తగ్గాక మడికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళింది. ధైద్‌లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఖర్జూరం చెట్టు ఎంత ఉప్పయినా తాగేస్తుంది కానీ కూరగాయలు తాగలేవు. అందుకని తొట్టిలో బోరు నీళ్ళూ, ట్యాంకర్ మంచినీళ్ళూ కలుపుతారు. ఎంత కలపాలో చెప్పే మిషను లేదు. దోసిట్లో పట్టి నాలుక మీద వేసుకుని చూడ్డమే. రాజలింగం అలాగే చూసి చెప్పాడు.

"గీ నీళ్ళు వంగకు నడుస్తయక్కా. చిక్కుడుకు నడువయి."

సత్యకుమారి కూడా దోసెడు తీసుకుని చూసింది. రాజలింగం అన్నది నిజమే, చిక్కుడుకి ఈ ఉప్పు ఎక్కువ. ఇంకో బిందె మంచినీళ్ళు పోసింది, మళ్ళీ చూసింది. ఇప్పుడు సరిపోయింది. ఈ తేడా ఆమెకి ఎప్పట్నించో తెలుసు, ఏళ్ళ తరబడి రోజూ చేస్తున్న పనే. పారుతున్న నీళ్ళని చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి నడుం మీద చెయ్యేసుకుని నిలబడిపోయింది.

"రాజలింగం! ఉప్పు నా మాటలో ఉంది కదరా?"

"ఏ మాటల?"

"అన్నం, ఉప్పు, నూనె అన్నాను కదా. ఉప్పునీళ్ళు రుచి సూత్తే మాట తప్పినట్టా?"

రాజలింగం గడ్డం గోక్కున్నాడు. "నీళ్ళెవలు తింటరక్కా? తాగుతరు."

ఆమె చెంగు బిగించి వంటింట్లోకి పరిగెత్తింది.

ఆ తర్వాత రోజు నించి పద్ధతి మారింది. మాంసమూ గోధుమలూ పడకముందే కుండలో నీళ్ళు పోసేది. ఆ నీళ్ళల్లోనే ఉప్పు కలిపి, చెంచాతో రుచి చూసేది, మడి నీళ్ళు చూసినట్టే. గోధుమ ఎంత పీల్చుకుంటుంది, మాంసం ఎంత లాక్కుంటుంది, గంటల తరబడి ఉడికితే ఎంత ఇగురుతుంది, ఇదంతా ఇన్నేళ్ళ వంట. చేతికి తెలుసు కానీ ఇంతవరకూ నోటి మీద ఆధారపడి చేతిని పట్టించుకోలేదు. మొదటి రోజు ఒక పిసరు తక్కువొచ్చింది. రెండో రోజు మామా ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల ఊపింది. "జేన్," అంది. బాగుందని. వంటింట్లో గోడకానుకుని నిలబడ్డ సత్యకుమారి అప్పుడు ఊపిరి వదిలింది. ఆ రాత్రి ఆమె తిన్నది చిక్కుడుకాయ వేపుడు, మిరపకాయ లేకుండా. చప్పగా ఉన్నా మహారాణిలా తింది.

మిరపకాయ సంగతి కూడా చెప్పాలి. పక్క మడిలో రాజలింగం మిరపచెట్లు ఎర్రగా విరగకాసి ఉన్నాయి. ఆమె కూర చూసి అతనికే జాలేసింది.

"అక్కా, నాలుగు మిరపకాయలు తెంపుకో. ఎవలకు తెల్వది."

"గట్టు కివతల నాది, అవతల నీది తమ్ముడూ."

"గట్టు మీద ఒకటి కాసింది సూడు. అది ఎవలిది?"

సత్యకుమారి నిజంగానే వంగి చూసింది. మొదలు అతని మడిలో ఉంది, కొమ్మ ఇటు వాలింది. చాలాసేపు చూసింది. నోట్లో నీళ్ళూరాయి. "మొదలు నీది," అని నిట్టూర్చి లేచింది.

రంజాన్ చివరి రోజుల్లో మామా చెల్లెలు రాస్ అల్ ఖైమా నించి కూతుళ్ళతో వచ్చింది. ఆ సాయంత్రం మజ్లిస్ హాలు నిండా ఆడవాళ్ళు. నేల మీద పొడుగ్గా పరిచిన గుడ్డ మీద హరీస్, రొట్టెలు నానేసిన మాంసం పులుసు, తేనె పోసిన లుకైమాత్ ఉండలు. సత్యకుమారి పొద్దున్నించి కూర్చోలేదు. ఏ కుండలోనూ ఒక్క మెతుకు రుచి చూడలేదు. ఉప్పునీళ్ళు మాత్రం చూసింది.

అందరూ తింటున్నారు. మామా చెల్లెలు రెండోసారి హరీస్ పెట్టుకుని, "వాజిద్ జేన్! ఎవరు వండారు?" అంది. మామా గర్వంగా వేలు చూపించింది. ఆ చెల్లెలు సత్యకుమారిని దగ్గరికి రమ్మంది. పళ్ళెంలోంచి మెత్తటి మాంసం ముక్క వేళ్ళతో తుంచి, నెయ్యిలో అద్ది, ఆమె నోటి ముందుకు చాచింది.

"కులీ, సాతీ. కులీ."

తినమని. పెద్దావిడ తన చేత్తో పెడుతోందంటే అది ఆ ఇళ్ళల్లో చాలా గౌరవం. వద్దంటే పెట్టినావిడకీ, ఇంటావిడకీ ఇద్దరికీ తల కొట్టేసినట్టు. మజ్లిస్‌లో మాటలాగిపోయాయి. అందరూ ఆమె నోటి వంకే చూస్తున్నారు. మామా కూడా చూస్తోంది. ఒక్క ముక్క. నోరు తెరిస్తే అయిపోతుంది. మామా పరువు నిలబడుతుంది. షార్జాలో పాపాయమ్మకి ఎప్పటికీ తెలియదు.

నోరు తెరిచింది. "అనా సాయ్‌మా," అంది. నేను ఉపవాసం అని.

ఒకరిద్దరు నవ్వారు. అజాన్ అయిపోయిందిగా, ఇంకా ఏం ఉపవాసం? సత్యకుమారి మామా వైపు తిరిగింది. వచ్చిన అరబ్బీ అంతా, వచ్చిన హిందీ అంతా, రాని దగ్గర చేతులూ కలిపి చెప్పింది. మా పండగ దాకా గోష్ట్ మాఫీ, మాంసం లేదు. నీ జున్ను మాఫీ, నీ తేనె మాఫీ. నా మడిలో మొలిచిందే. అందరి ముందూ మాటిచ్చాను మామా.

చాచిన చెయ్యి అలాగే ఉంది. మామా చెల్లెలు కనుబొమ్మలు పైకెత్తి, "మరి ఈ ఉప్పు ఎవరు చూశారు?" అంది.

ఆ ప్రశ్న వస్తుందని సత్యకుమారి అనుకోలేదు. ఇన్ని రోజులుగా రుచి చూడకుండా ఇంటికి వంట పెడుతోందని మామాకి తెలిస్తే ఏమంటుందో తెలియదు. కానీ మొదటి రోజు చెప్పిన అబద్ధం ఒకటి అప్పటికే ఉంది. దాని మీద ఇంకోటి చెప్పలేకపోయింది.

"వంట చూడలేదు మామా. నీళ్ళు చూశాను. ఆ మొదటి రోజు ఉప్పు మర్చిపోలేదు. అబద్ధం చెప్పాను."

మామా తన పళ్ళెం పక్కకి జరిపింది. "నీ పళ్ళెం తీసుకురా," అంది.

సత్యకుమారి వెళ్ళి తన స్టీలు పళ్ళెం తెచ్చింది. అన్నం, సొరకాయ కూర, పక్కన నూరిన గోంగూర. ఎర్రటి రంగు ఎక్కడా లేదు. మామా ఆ పళ్ళెం తన ముందు పెట్టుకుని, సొరకాయ ముక్కొకటి తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. మొహం చిట్లించింది.

"సాతీ, ఇందులో మిల్హ్ మాఫీ!"

ముందు కోడళ్ళు నవ్వారు, తర్వాత చెల్లెలు నవ్వింది, చివరికి మామా కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. అందరికీ ఉప్పు చూసి చూసి తన కూరలో వేసుకోవడం మర్చిపోయింది ఆ మనిషి. చెల్లెలు చేతిలో ముక్క తనే తినేసింది. మామా మాత్రం నవ్వాగాక చెల్లెలికి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. అరబ్బీ వేగంగా సాగింది, సత్యకుమారికి సగమే అందింది. కరోనా అన్న మాట, విమానం అన్న మాట, తన పేరు వినపడ్డాయి. చెల్లెలు వింటూ వింటూ ఆమె వంక చూసి, చెయ్యి గుండెల మీద పెట్టుకుంది.

ఆ ఏడు ఈద్, ఉగాది ఒక్క రోజే వచ్చాయి. పొద్దున్నే రాజలింగం గ్లాసులో ఉగాది పచ్చడి తెచ్చాడు.

"వేపపువ్వు ఎక్కడిది?" అంది సత్యకుమారి.

"రోడ్డు మీద సెట్టుది."

"అయితే నాకొద్దు తమ్ముడూ."

"నీ దగ్గర ఉగాదికి గూడ ఇజ్జత్ లేదక్కా," అని గ్లాసు తనే ఎత్తేశాడు.

ఈద్‌తో ఉప్పు గొడవ తీరింది, ఎవరి నోళ్ళు వాళ్ళకొచ్చాయి. కానీ దాని వెనకే వేడిగాలి వచ్చింది. ఏప్రిల్ మొదట్లో రెండు రోజులు ఆగకుండా వీచింది. వంగపూత రాలిపోయింది. తోటకూర గింజ పట్టేసింది. సొరతీగ కాగితంలా ఎండి చేతిలో నలిగిపోయింది. ఈస్టర్ ఇంకా ఎంతో దూరంలో ఉంది. సత్యకుమారి మడి గట్టు మీద కూర్చుని మిగిలినవి చూసుకుంది. గోంగూర, గోరుచిక్కుడు, అంతే. పొద్దున్న మామా ఊతకర్ర పట్టుకుని అటుగా వచ్చింది. మడిని చూసింది, ఆమె మొహం చూసింది, వెనక్కి వెళ్ళిపోయింది. సాయంత్రానికి రాజలింగం పచ్చి ఖర్జూరం మట్టలు మోసుకొచ్చి, కర్రలు పాతి, మడి మీద కప్పు వేస్తున్నాడు.

"మామా హుకుం," అన్నాడు. "నీ మాటకు నీడ గూడ అడ్డం వస్తదా?"

"నీడ నోట్లోకి పోదు కదా. కట్టు, కట్టు."

ఆ నీడలో గంగవావిలికూర తనంతట తను మొలిచింది, ఇసక మీద పాకుతూ, దళసరి ఆకులతో. ఇన్నేళ్ళూ కలుపని పీకేసేది. ఇప్పుడు ఒక్కొక్క రెమ్మే గిల్లుకుని వేయించుకుంది. రాజలింగం ఊరుకుంటాడా? "ఇది నువ్వు నాటలే గదక్కా?" అన్నాడు. "నాటింది అన్లేదు, మొలిసింది అన్నాను," అంది. ఒళ్ళు కాస్త తగ్గింది, జాకెట్లు వదులయ్యాయి, కానీ పనిలో ఎక్కడా తేడా రాలేదు. మామా ఇంటికి రోజూ అన్ని వంటలూ చేసేది, ఆ మాంసాల వాసన మధ్యే నిలబడి. ఆ వాసన తనకి అలవాటైపోయిందని ఎవరైనా అంటే ఒప్పుకునేది కాదు. "సచ్చేంత ఆకలేసేది," అని ఉన్నదున్నట్టు చెప్పేది.

ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి చర్చికి ఖర్జూరం మట్టలు కావాలి. ధైద్‌లో సత్యకుమారి ఉండగా కొనుక్కోవడమెందుకని, ముందు రోజు పాపాయమ్మ కారు మాట్లాడుకుని వచ్చింది. దిగీ దిగగానే మడి మీద కప్పిన మట్టలు కనపడ్డాయి.

"అబ్బ, సిద్ధం చేసి ఉంచేవా వదినా!" అని ఒకటి లాగబోయింది.

"ముట్టకే! అది నా కూరకి గొడుగు. నీ మట్టలు అవతల కోసిత్తాడు రాజలింగం."

పాపాయమ్మ వంగి కప్పు కింద చూసింది. పీచెక్కిన గోరుచిక్కుడు మొక్కలు నాలుగు, ఆకులు దూసేసిన గోంగూర కాడలు, ఇసక. ఇంకేమీ లేదు. తర్వాత సత్యకుమారి మెడ వంక చూసింది, ఎముకలు తేలి ఉన్నాయి. నోటి వాడి మనిషి, గొంతు తగ్గించింది.

"ఒదినా, ఇంక సాలే," అంది. "నేనేదో నవ్వులాటకి అన్నాను. ఓడిపోయాను, ఒప్పుకున్నాను. రేపు సర్చిలో అందరి ముందూ సెప్తాను. సంచిలో కోడిగుడ్లు తెచ్చాను, అట్టేసుకుని తిను."

"నువ్వు ఓడిపోతే నేను మానేత్తానా?" అంది సత్యకుమారి. "నేను మాటిచ్చింది నీకనుకున్నావా ఏటి?"

"మరెవరికి?"

సత్యకుమారి గోరుచిక్కుళ్ళు ఒడిలోకి కోసుకుని వంటింట్లోకి వెళ్ళింది. పాపాయమ్మ గుడ్ల సంచి గుమ్మం దగ్గర పెట్టి, వెనకే వెళ్ళింది. చెప్పకుండానే పీట లాక్కుని కూర్చుని కాయల ఈనెలు తియ్యడం మొదలుపెట్టింది. ఇద్దరూ కలిసి తీశారు, తీసినకొద్దీ వస్తున్నాయి. ఉడకబెట్టి, నూనెలో వేసి, ఉప్పు చల్లి దించింది. సత్యకుమారి ఒక పళ్ళెం పెట్టుకుంది.

"నాకూ పెట్టు," అంది పాపాయమ్మ.

"నీకెందుకే? గుడ్లున్నాయి కదా."

"పెట్టమన్నానా!"

ఇద్దరూ వంటింటి గుమ్మంలో పక్కపక్కన కూర్చున్నారు. బయట రాజలింగం చెట్టెక్కి మట్టలు కోసి పడేస్తున్నాడు, దబ్బు దబ్బుమని చప్పుడవుతోంది. సత్యకుమారి ముద్ద కలిపి మామూలుగా తింటోంది. పాపాయమ్మ ఒక్క ముద్ద పెట్టుకుని నమిలింది, నమిలింది, ఇంకా నమిలింది. బుగ్గ ఇటు మార్చింది, అటు మార్చింది.

"ఒదినా, ఇది కూరా, కొబ్బరి పీచా?"

"నోరు మూసుకుని నములు. ఇంకా మట్టల ఆదివారమే రాలేదు."